మీ వీధి ఫుట్‌పాత్ సరిచేయించుకోవడం ఎలా: అర కిలోమీటరు, ఒక టేపు, బోలెడంత ఓపిక

మా రోడ్డు ఫోటోలు ఎప్పుడు పెట్టినా అడిగేది ఒకటే. "మీరు ఎవరికిచ్చారు, ఏం రాశారు, మేం పది కంప్లయింట్లు పెట్టినా క్లోజ్ అయిందని మెసేజ్ వస్తోంది, రోడ్డు మాత్రం అలాగే ఉంది" అని. ఒక్కొక్కళ్ళకి విడిగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి మొత్తం ఒకేచోట రాస్తున్నా.

మేం చేసింది హైదరాబాద్‌లో కాబట్టి ఆఫీసుల పేర్లు ఎక్కువగా ఇక్కడివే వస్తాయి. విజయవాడ, వైజాగ్, వరంగల్ వాళ్ళు ఆఫీసు పేరు మార్చుకుంటే చాలు, టేపు ఎక్కడైనా టేపే.

"ఫుట్‌పాత్ బాలేదు" అని రాస్తే ఎవరూ ఏమీ చెయ్యలేరు, ఎందుకంటే ఏం చెయ్యాలో అందులో లేదు. "ఫలానా గేటు ముందు ఫుట్‌పాత్ 28 సెంటీమీటర్ల ఎత్తుంది, 15 ఉండాలి, ర్యాంప్ లేదు" అని రాస్తే అది పని అవుతుంది. కింద ఉన్నదంతా ఆ మొదటి వాక్యాన్ని రెండో వాక్యంగా మార్చే తంతే.

## 1. ఒక్క ముక్క ఎంచుకోండి

కాలనీ మొత్తం పెట్టుకోకండి. అందరూ చేసే మొదటి తప్పు ఇదే, మేమూ చేశాం, పదకొండు వీధులు రాసిచ్చాం, ఒక్కటీ కదల్లేదు.

దాదాపు 500 మీటర్లు చాలు. అయితే దానికి ఒక చివర జనం నిజంగా వెళ్ళే చోటు ఉండాలి. బడి గేటు, బస్టాప్, మెట్రో స్టేషన్, రైతుబజార్, హాస్పిటల్, ఏదైనా సరే. "కాలనీ కమాన్ నుంచి బస్టాప్ దాకా" అంటే ఆఫీసులో ఉన్నాయనకి కూడా కళ్ళ ముందు కనిపిస్తుంది.

## 2. ఆ రోడ్డు ఎవరిదో తేల్చుకోండి

నెలలకి నెలలు ఇక్కడే పోతాయి. ఒకే రోడ్డు మీద అడుగుకో యజమాని ఉంటాడు.

- లోపలి వీధులు, కాలనీ రోడ్లు: మున్సిపల్ కార్పొరేషన్. హైదరాబాద్‌లో వార్డుల హద్దులు ఈ మధ్యే మారాయి, పాత వార్డు నంబరు నమ్ముకోకుండా ఒకసారి అడిగి కనుక్కోండి.
- కొన్ని పెద్ద రోడ్లు ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) వాళ్ళవి.
- ఊరి మధ్యలోంచి పోయే హైవేలు: కూకట్‌పల్లి మీదుగా వెళ్ళే 65, ఉప్పల్ నుంచి వరంగల్ వైపు 163, వైజాగ్‌లో 16. వీటికి జాతీయ రహదారుల వాళ్ళని అడగాలి, హెల్ప్‌లైన్ 1033.
- మ్యాన్‌హోల్ మూత, డ్రైనేజీ పొంగడం: హైదరాబాద్‌లో వాటర్ బోర్డు, 155313.
- ఫుట్‌పాత్ మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్, వేలాడే వైరు: కరెంటు ఆఫీసు, 1912.
- సిగ్నల్ టైమింగ్, ఫుట్‌పాత్ మీద బండ్ల పార్కింగ్, రాంగ్ రూట్: ట్రాఫిక్ పోలీసులు.

ఎలా తెలుస్తుందంటారా, రోడ్డు పని జరిగినప్పుడు పాతిన బోర్డు ఎక్కడో ఒక మూల ఉంటుంది, ముందు దాన్ని వెతకండి. దొరక్కపోతే వార్డు ఆఫీసుకెళ్ళి "ఈ రోడ్డు మెయింటెనెన్స్ ఎవరిది" అని ఒక్క ముక్క అడగండి. "మాది కాదు" అంటే మరి ఎవరిదో కాగితం మీద రాసివ్వమనండి, రాయమనేసరికి చాలాసార్లు వాళ్ళదే అయిపోతుంది.

## 3. సామాన్లు

- 5 మీటర్ల స్టీల్ టేపు. ఇంట్లో ఉండే కుట్టు టేపు ఒకటిన్నర మీటరే, మనం కొలవాల్సింది 1.8 మీటర్లు.
- స్కూలు పిల్లల 15 సెంటీమీటర్ల స్కేలు. ఇది ఎందుకో కింద చెప్తా, చాలా పనికొస్తుంది.
- చాక్‌పీసులు, నోట్‌బుక్కు, పెన్ను. పెన్సిల్ వద్దు, చెయ్యి రాసుకుంటే చెరిగిపోతుంది.
- ఫోటో మీదే లొకేషన్, టైము పడే కెమెరా యాప్.
- చక్రాల సూట్‌కేసు ఒకటి. వీల్‌చైర్ లేనివాళ్ళకి పరీక్ష చెయ్యడానికి ఇంతకంటే సులువైంది నాకు తెలీదు.
- నీళ్ళ సీసా రెండు, ఒకటి తాగడానికి, ఒకటి పొయ్యడానికి.
- ముగ్గురు మనుషులు. ఒకరు కొలవాలి, ఒకరు రాయాలి, మూడోవాళ్ళు వెనకనుంచి వచ్చే బండ్లు చూడాలి. ఆ మూడో మనిషి లేకుండా మాత్రం దిగొద్దు, టేపు చూస్తూ రోడ్డు మీద వంగి ఉన్నప్పుడు మనకేమీ వినపడదు.

అరవై దాటినవాళ్ళు ఒకరు కూడా వస్తే చాలా మంచిది. మేం మా అమ్మని తీసుకెళ్ళాం. మేము గమనించనివి ఆవిడ మోకాళ్ళు గమనించాయి.

## 4. మొదటి రోజు కొలవొద్దు, నడవండి

టేపు ఇంట్లో పెట్టేసి, ఆ 500 మీటర్లు ఒక పక్క వెళ్ళి రెండో పక్క రండి. లెక్క ఒక్కటే: ఫుట్‌పాత్ మీంచి రోడ్డు మీదకి ఎన్నిసార్లు దిగాల్సి వచ్చింది. మేం దీన్ని "దిగుడు లెక్క" అంటున్నాం. మా రోడ్డుకి ఒక పక్కే 23 వచ్చింది, అంటే సుమారు ప్రతి 22 మీటర్లకి ఒకసారి అమ్మ కిందకి దిగి మళ్ళీ ఎక్కాలి. ఎవరైనా ఎక్కుతారా, ఆవిడ రెండోసారికే రోడ్డు మీద నడవడం మొదలుపెట్టింది. అందుకే "ఫుట్‌పాత్ ఉన్నా జనం రోడ్డు మీదే నడుస్తారండీ" అని ఎవరన్నా అంటే ఈ అంకె చెప్పండి.

రెండు టైముల్లో నడవాలి. పొద్దున బడి టైములో ఒకసారి, సాయంత్రం ఏడు తర్వాత ఒకసారి. పొద్దున ఖాళీగా కనిపించిన చోటు సాయంత్రానికి బైకులతో నిండిపోతుంది. చీకటి పడ్డాక ఏ స్తంభం లైటు వెలగట్లేదో స్తంభం నంబరుతో సహా రాసుకోండి. వీలైతే వాన వెలిసిన గంటకి మూడోసారి వెళ్ళండి, నీళ్ళు ఎక్కడ నిలిచాయో ఫోటో తీస్తే దానికి మించిన సాక్ష్యం ఉండదు.

## 5. రెండో రోజు కొలతలు

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అని ఒకటుంది, రోడ్ల కొలతలు వాళ్ళే రాస్తారు, పాదచారుల సౌకర్యాల పుస్తకం నంబరు ఐఆర్‌సీ 103. ఇంజనీర్లకి ఈ నంబరు తెలుసు. మీరు కొత్తగా ఏదో అడుగుతున్నారని వాళ్ళు అనుకోకుండా ఉండాలంటే ఈ నంబరుతోనే మాట్లాడండి.

వెడల్పు. అడ్డం లేకుండా నడిచే చోటు కనీసం 1.8 మీటర్లు, షాపులున్న రోడ్డయితే 2.5. ఇక్కడ కిటుకు ఏంటంటే కొలవాల్సింది ఫుట్‌పాత్ వెడల్పు కాదు, మిగిలిన వెడల్పు. 2 మీటర్ల ఫుట్‌పాత్ మధ్యలో స్తంభం ఉంటే, స్తంభానికి గోడకి మధ్య 70 సెంటీమీటర్లే మిగిలితే, ఆ ఫుట్‌పాత్ వెడల్పు 70 సెంటీమీటర్లే. ప్రతి 25 మీటర్లకి ఒకసారి, ప్రతి అడ్డం దగ్గర ఒకసారి కొలిచి రాయండి.

ఎత్తు. రోడ్డు మీంచి 15 సెంటీమీటర్లు దాటకూడదు. ఇదిగో ఇక్కడ స్కూలు స్కేలు. రోడ్డు మీద నిలబెట్టి పక్కన ఫోటో తీస్తే స్కేలు పైన ఇంకా జానెడు రాయి కనపడుతుంది, వివరణ అక్కర్లేదు. రోడ్డు వేసినప్పుడల్లా ఎత్తు పెరిగి ఫుట్‌పాత్ కిందకి పోయిన చోట్లు కూడా ఉంటాయి, వాన పడితే అవి కాలవలు. అవీ రాయండి.

తల ఎత్తు. 2.2 మీటర్ల దాకా పైన ఏమీ తగలకూడదు. కొమ్మలు, షాపు రేకులు, ఫ్లెక్సీ కట్టిన కర్రలు, తెగిన కేబుల్ వైర్లు.

ర్యాంప్. ఒక వంతు ఎత్తుకి పన్నెండు వంతుల పొడవు. 15 సెంటీమీటర్లు ఎక్కాలంటే 1.8 మీటర్ల పొడవు ర్యాంప్ ఉండాలి. చాలాచోట్ల అరమీటరులో ఎక్కించేసి సిమెంటు పూసేస్తారు, సూట్‌కేసు తోసి చూడండి, మీకే తెలుస్తుంది.

బొలార్డులు. బైకులు ఎక్కకుండా పాతే పొట్టి స్తంభాలు. మధ్యలో 1.2 మీటర్లు ఖాళీ ఉంటే వీల్‌చైర్ పోతుంది, కానీ బైకూ పోతుంది, నిజం చెప్పాలంటే దీనికి పూర్తి పరిష్కారం లేదు. బైకుని ఆపడానికి వీల్‌చైర్‌ని కూడా ఆపేసే గేట్లు మాత్రం అడగొద్దు.

నేల. మూతల మధ్య సందులో చేతికర్ర కొన దిగుతోందా, టైలు కదులుతోందా, నున్నగా ఉందా. నీళ్ళు పోసి చెప్పుతో రాసి చూడండి. పసుపు రంగు గీతల టైల్స్, చూపు లేనివాళ్ళు కర్రతో తెలుసుకునేవి, అవి ఎటు తీసుకెళ్తున్నాయో చివరిదాకా నడవండి. మా దగ్గర అవి తిన్నగా వెళ్ళి ఒక హోర్డింగ్ స్తంభాన్ని ఢీకొన్నాయి.

నోట్‌బుక్కులో వరస ఇలా పెట్టుకోండి: ఎన్నో మీటరు, గుర్తు (ఏ షాపు ముందు, ఏ స్తంభం దగ్గర), ఏం అడ్డం, మిగిలిన వెడల్పు, ఎత్తు, ఫోటో నంబరు. ఆరే గడులు. ఎక్కువ పెడితే పదో అడ్డం దగ్గరికి ఎవరూ నింపరు.

## 6. దాటే చోటు: అసలు ప్రమాదం ఇక్కడే

ఫుట్‌పాత్ మీద పడితే కాలు బెణుకుతుంది. ప్రాణం పోయేది దాటేటప్పుడు. కాబట్టి దీనికి విడిగా ఒక గంట పెట్టుకోండి.

ముందు జనం నిజంగా ఎక్కడ దాటుతున్నారో చూడండి. జీబ్రా గీతలు ఒక చోట ఉంటాయి, డివైడర్‌లో ఎవరో రెండు రాళ్ళు పీకేసిన సందు ఇంకో చోట ఉంటుంది, జనమంతా ఆ సందులోంచే పోతుంటారు. ఆ సందు జనం క్రమశిక్షణ లేక పుట్టిందని చాలామంది తిడతారు, నాకైతే అది ప్రజలు ఉచితంగా వేసిచ్చిన ఇంజనీరింగ్ డ్రాయింగ్ లాగా కనిపిస్తుంది. బస్టాప్ ఒక పక్క, బడి ఎదురుగా, క్రాసింగ్ మాత్రం 300 మీటర్ల అవతల యూటర్న్ దగ్గర పెడితే ఎవరు పోతారు?

15 నిమిషాలు నిలబడి లెక్కపెట్టండి. ఎంతమంది దాటారు, అందులో పిల్లలెంతమంది, పెద్దవాళ్ళెంతమంది.

తర్వాత లెక్క. మామూలు మనిషి సెకనుకి 1.2 మీటర్లు నడుస్తాడని సిగ్నల్ డిజైన్‌లో పెట్టుకుంటారు. ఒక పక్క మూడు లేన్లంటే 10.5 మీటర్లు, దాటడానికి దాదాపు 9 సెకన్లు. గంటకి 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకి దాదాపు 14 మీటర్లు వస్తుంది, అంటే ఆ 9 సెకన్లలో సుమారు 120 మీటర్లు. కనీసం 120 మీటర్ల అవతలిదాకా రోడ్డు ఖాళీగా ఉంటేనే మీరు పరిగెత్తకుండా దాటగలరన్నమాట. అదే మా అమ్మ లాంటివాళ్ళు సెకనుకి 0.8 మీటర్లే నడిస్తే 13 సెకన్లు, 180 మీటర్లు. సాయంత్రం ఆరింటికి ఏ రోడ్డు మీద 180 మీటర్ల ఖాళీ దొరుకుతుంది చెప్పండి. అందుకే చెయ్యి అడ్డం పెట్టి దూరేస్తాం. బండ్లు 30లో వస్తే ఆ 120 కాస్తా 75 మీటర్లకి దిగుతుంది, స్పీడ్ బ్రేకరో, ఎత్తు చేసిన జీబ్రా క్రాసింగో అడగడానికి కారణం ఇదే.

సిగ్నల్ ఉన్న చోట చూడాల్సినవి:

- పచ్చ మనిషి బొమ్మ ఎన్ని సెకన్లు వెలుగుతోంది? రోడ్డు వెడల్పుని 1.2తో భాగించి పోల్చండి. బడి, హాస్పిటల్ దగ్గరైతే 0.8తో భాగించండి.
- నొక్కే బటన్ ఉన్న పెలికాన్ సిగ్నల్ అయితే నొక్కాక ఎంతసేపటికి ఆగుతున్నాయి? బటన్ అసలు పనిచేస్తోందా?
- ఫ్రీ లెఫ్ట్ (సిగ్నల్‌తో పనిలేకుండా ఎడమకి తిరిగే దారి) ఉందా? ఉంటే మనకి పచ్చ ఉన్నా ఆ బండ్లు ఆగవు, దాన్ని విడిగా రాయాలి.
- జీబ్రా గీతలు అవతల పక్క ఎక్కడికి చేరుతున్నాయి? రెయిలింగ్‌కీ డివైడర్ గోడకీ వేసిన జీబ్రాలు మన ఊళ్ళో బోలెడు.
- డివైడర్ మీద నలుగురు, ఒక ట్రాలీ నిలబడే చోటుందా?

ఫుట్ ఓవర్ బ్రిడ్జ్ అడగమని ఎవరో ఒకరు కచ్చితంగా అంటారు. హైవే మీదో, ఉప్పల్ రింగ్ రోడ్డు లాంటి జంక్షన్‌లోనో అది అవసరం, అక్కడ స్కైవాక్ 2023లో తెరిచారు, లిఫ్టులూ ఉన్నాయి. కానీ నాలుగు లేన్ల కాలనీ రోడ్డుకి బ్రిడ్జ్ అడిగితే రెండేళ్ళు ఫైలు తిరుగుతుంది, కట్టాక లిఫ్ట్ ఆగిపోతుంది, మెట్లెక్కలేనివాళ్ళు మళ్ళీ కిందే దాటతారు. నేలమీద క్రాసింగ్ అడగండి, రంగు డబ్బా ఖర్చు.

## 7. ఫుట్‌పాత్ ఎవరు ఆక్రమించారు

ఇక్కడ కాస్త నిదానం. అందరి వేలూ ముందు బండి మీద ఇడ్లీ అమ్ముకునే ఆవిడ వైపే వెళ్తుంది, మీరు మాత్రం అన్నీ లెక్కపెట్టండి. షాపు మెట్లు, జనరేటర్, పార్క్ చేసిన కార్లు, ట్రాన్స్‌ఫార్మర్, పోలీసు బూత్, ఇసుక కుప్ప, ఇళ్ళ గేటు ర్యాంపులు, మొక్కల తొట్లు. మా 23 దిగుళ్ళలో తోపుడు బండ్ల వల్ల వచ్చినవి 3. ఇంటి ర్యాంపుల వల్ల 8, అందులో ఒకటి మా అపార్ట్‌మెంట్‌దే. ముందు అది కొట్టించాకే బయటికి వెళ్ళాం, దానికే నెల పట్టింది, అసోసియేషన్ మీటింగ్ గురించి ఇక్కడ రాయకపోవడమే మర్యాద.

బండ్ల వాళ్ళకి 2014 వీధి వ్యాపారుల చట్టం ఉంది, టౌన్ వెండింగ్ కమిటీ ఉంటుంది, అందులో వాళ్ళ ప్రతినిధులు 40 శాతం ఉండాలి. కాబట్టి "తీసేయండి" అని రాయకండి. 1.8 మీటర్లు వదిలి చెట్లు, స్తంభాలు ఉండే వరసలో చోటు చూపించమని రాయండి. రాత్రి పదింటిదాకా ఆ వీధిలో లైటు, మనుషులు ఉండేది వాళ్ళ వల్లే, ఆడపిల్లలున్న ఇళ్ళవాళ్ళు ఈ మాట ఒప్పుకుంటారు.

## 8. అర్జీ రాయడం

ఒకటే పేజీ. వెనక కొలతల పట్టిక, ఫోటోలు పది మించొద్దు. ప్రతి ఫోటో కింద మీటరు నంబరు.

దేశం మొత్తం లెక్కలతో నింపొద్దు. 2022లో దేశంలో 32,825 మంది పాదచారులు రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు, నిజమే, చదివితే గుండె చెరువవుతుంది, కానీ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారు దాంతో చేసేదేమీ లేదు. "బడి ఎదురుగా 15 నిమిషాల్లో 140 మంది దాటుతున్నారు, అందులో 60 మంది పిల్లలు, క్రాసింగ్ లేదు" అంటే మాత్రం ఎస్టిమేట్ వెయ్యడానికి పనికొస్తుంది.

కోరికల్ని మూడు వరసలుగా విడగొట్టండి, ఇది చాలా ముఖ్యం:

- వారంలో అయ్యేవి: మూత వెయ్యడం, కొమ్మలు కొట్టడం, లైటు, చెత్త, ఇసుక ఎత్తడం.
- నెలలో అయ్యేవి: జీబ్రా రంగు, ర్యాంపులు, డివైడర్‌లో సందు తెరవడం, బొలార్డులు, సిగ్నల్ సెకన్లు.
- బడ్జెట్ కావాల్సినవి: ఫుట్‌పాత్ వెడల్పు, ట్రాన్స్‌ఫార్మర్ జరపడం, కొత్త కాలువ.

మొదటి వరస జరిగితే మీకు నమ్మకం వస్తుంది, ఆఫీసుకీ మీ మొహం గుర్తుంటుంది. మూడో వరస ఒక్కటే రాస్తే "ఫండ్స్ లేవు" అన్న ఒక్క మాటతో మొత్తం మూలపడుతుంది.

నమూనా ఇదిగో, మీ రోడ్డుకి తగ్గట్టు మార్చుకోండి:

"అయ్యా, ఫలానా కాలనీ కమాన్ నుంచి ఫలానా బస్టాప్ వరకు 500 మీటర్ల రోడ్డును తేదీ ఫలానా రోజున మేము కొలిచాము. ఎడమ పక్క ఫుట్‌పాత్‌పై 23 చోట్ల పాదచారులు రోడ్డు మీదకు దిగవలసి వస్తోంది. 9 చోట్ల మిగిలిన వెడల్పు ఒక మీటరు కన్నా తక్కువ. 6 చోట్ల ఎత్తు 15 సెంటీమీటర్లు మించింది. ఐఆర్‌సీ 103 ప్రకారం సరిచేయవలసిన పనుల పట్టిక జతపరిచాము. మొదటి వరస పనులు వెంటనే చేయించి, మిగిలిన వాటికి ఎస్టిమేట్ వేయవలసిందిగా కోరుతున్నాము. కొలతలు సరిచూడడానికి మీ సిబ్బంది వచ్చిన రోజు మేము అక్కడ ఉంటాము."

ఆ చివరి వాక్యం వదలొద్దు. కలిసి నడిస్తే సగం పని అయినట్టే. ఏఈ గారిని సూట్‌కేసు తొయ్యమనండి, నవ్వుతూనే తోస్తారు.

చట్టం ఒక్క పేరాలో చాలు. 2025 మే 14న సుప్రీంకోర్టు, ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణంలో భాగమని, అవి దివ్యాంగులకి కూడా పనికొచ్చేలా ఉండాలని, ఆక్రమణలు తొలగించాలని చెప్పింది. మోటారు వాహనాల చట్టంలో 198ఏ అని సెక్షన్ ఉంది, డిజైన్, మెయింటెనెన్స్ ప్రమాణాలు పాటించక ప్రమాదం జరిగి మనిషి చనిపోయినా వికలాంగుడైనా బాధ్యులకి లక్ష రూపాయల దాకా జరిమానా. మొదటి అర్జీలోనే ఇది బెదిరింపులా రాస్తే ఎదుటివాళ్ళు బిగుసుకుపోతారు, రెండో ఉత్తరానికి దాచుకోండి.

## 9. ఎక్కడ ఇవ్వాలి, ఎలా వెంటపడాలి

1. చిన్న పనులు ఒక్కొక్కటి విడిగా యాప్‌లోనో కాల్ సెంటర్‌కో చెప్పండి. జీహెచ్ఎంసీది (హైదరాబాద్ కార్పొరేషన్) 040-21111111. పది సమస్యలు ఒకే కంప్లయింట్‌లో పెడితే ఒకటి చేసి పదీ క్లోజ్ చేసేస్తారు.
2. అర్జీ మాత్రం కాగితం మీదే, ఇంజనీరింగ్ సెక్షన్‌లో ఇచ్చి మీ కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. స్టాంపు లేని కాపీ కొరియర్ కవరు కన్నా పనికిరాదు.
3. సిగ్నల్, పార్కింగ్ భాగం విడిగా ట్రాఫిక్ స్టేషన్‌కి.
4. 15 రోజులకి మర్యాదగా ఒక ఫోన్. 30 రోజులకి సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణి, ఏపీలో అయితే సోమవారాలు ప్రజా సమస్యల పరిష్కార వేదిక.
5. అప్పటికీ కదలకపోతే సమాచార హక్కు దరఖాస్తు, ఫీజు 10 రూపాయలు, జవాబుకి 30 రోజులు, రాకపోతే ఆ తర్వాత 30 రోజుల్లో మొదటి అప్పీలు.

దరఖాస్తులో "ఎందుకు చెయ్యలేదు" అని అడిగితే జవాబు రాదు, ఆ చట్టం కింద దొరికేది వాళ్ళ దగ్గరున్న కాగితం, కారణం కాదు. ఇలా అడగండి: ఈ రోడ్డు మీద గత మూడేళ్ళలో ఇచ్చిన వర్క్ ఆర్డర్ల కాపీలు, ఎస్టిమేట్ కాపీలు, మెజర్‌మెంట్ బుక్కులో ఆ పని పేజీలు, కాంట్రాక్టర్ రిపేరు చెయ్యాల్సిన గడువు ఎప్పటిదాకా. మెజర్‌మెంట్ బుక్కు అంటే బిల్లు కోసం కొలిచి రాసేది. దానిలో 200 మీటర్ల ఫుట్‌పాత్ ఉండి మీ టేపుకి 140 వస్తే ఇక మీరు చెప్పక్కర్లేదు, కాగితమే మాట్లాడుతుంది. రిపేరు గడువు ఇంకా ఉందంటే కొత్త బడ్జెట్ కూడా అక్కర్లేదు, అదే కాంట్రాక్టర్ వచ్చి చెయ్యాలి.

## 10. పని మొదలైన రోజు ఆఫీసుకి లీవు పెట్టండి

నిజంగానే చెప్తున్నా. సిమెంటు ఆరాక ఏ అర్జీ పనిచెయ్యదు. చూడాల్సినవి:

- దారం కట్టిన ఎత్తు 15 సెంటీమీటర్లేనా. స్కేలు మళ్ళీ తీయండి.
- గేట్ల దగ్గర ఫుట్‌పాత్‌ని మొత్తం కిందకి దించేస్తున్నారా? అలా చేస్తే నడక అలల మీద పడవలా ఉంటుంది. ఫుట్‌పాత్ సమంగా సాగాలి, బండి ఎక్కే ర్యాంప్ రోడ్డు అంచున పొట్టిగా ఉండాలి.
- మ్యాన్‌హోల్ మూత టైల్స్‌తో సమంగా ఉందా.
- చెట్టు మొదలు చుట్టూ మట్టి వదిలారా, సిమెంటు మొత్తం పూసేస్తున్నారా.
- వాలు కాలవ వైపేనా. రెండో నీళ్ళ సీసా ఇప్పుడు పొయ్యండి, నీళ్ళు గోడ వైపు పోతే మేస్త్రీకి అక్కడే చెప్పండి.

మేస్త్రీతో గొడవ పడొద్దు, టీ ఇప్పించండి. డ్రాయింగ్‌లో ఏముందో ఆయనకి చాలాసార్లు ఎవరూ చూపించరు, "ఎత్తు కట్టు" అంటే ఎత్తుగా కట్టేస్తాడు.

## 11. ఈ లోపల ప్రాణాలతో నడవడం

ఫైలు కదిలేదాకా కాళ్ళు ఆగవు కదా.

- ఫుట్‌పాత్ లేని చోట రోడ్డుకి కుడి పక్కన నడవండి, ఎదురుగా వచ్చే బండి కనపడుతుంది. పిల్లల్ని రోడ్డు వైపు కాకుండా లోపలి వైపు పెట్టుకుని చెయ్యి కాకుండా మణికట్టు పట్టుకోండి.
- బస్సు దిగి దాని ముందునుంచి దాటొద్దు. బస్సు పోయేదాకా ఆగండి, పోయేది పది సెకన్లు.
- వన్ వే అయినా రెండు పక్కలా చూడండి. రాంగ్ రూట్ బైకు ఎటునుంచి వస్తుందో తెలీదు, ఎలక్ట్రిక్ స్కూటరు పెద్దగా చప్పుడు చెయ్యదు.
- రెండు విడతల్లో దాటండి. డివైడర్ దాకా ఒకటి, అక్కడినుంచి ఇంకోటి. సగంలో వెనక్కి మాత్రం తిరగొద్దు, బండివాడు మీరు ముందుకే వెళ్తారని అంచనా వేసి పక్కకి తిప్పుతాడు.
- మొదటి లేన్ వాడు ఆగి దారిచ్చాడని సంబరపడి పరిగెత్తొద్దు, వాడి పక్కనుంచి రెండో లేన్ వాడు ఆగకుండా వస్తాడు. ఆగిన బండి అంచు దగ్గర ఒక్క క్షణం నిలబడి తొంగి చూడాలి.
- వాననీళ్ళు నిలిచిన చోట అడుగు వెయ్యొద్దు, కింద మూత ఉందో లేదో తెలీదు. చుట్టూ తిరిగి వెళ్ళండి, లేకపోతే ఆగండి.
- రాత్రి ఫోన్ టార్చి కిందికి కాకుండా బండ్లు వచ్చే వైపు నడుము ఎత్తులో పట్టుకోండి.

ఎవరికైనా దెబ్బ తగిలితే 108కి ఫోన్ చేసి బండి నంబరు రాసుకోండి. సాయం చేసినవాళ్ళ పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు, మోటారు వాహనాల చట్టంలోనే 134ఏ సెక్షన్ ఆ రక్షణ ఇస్తుంది. గుద్ది పారిపోయిన బండి దొరక్కపోతే చనిపోయినవాళ్ళ కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు పరిహారం ఉంది, చాలామందికి తెలీక అడగరు.

## 12. తరచుగా వచ్చే తిప్పలు

"ఫుట్‌పాత్ వేస్తే పార్కింగ్ పోతుంది" అని షాపుల వాళ్ళు అడ్డుపడ్డారు. ముందు రోజే వెళ్ళి కొనేవాళ్ళలో నడిచి వచ్చేవాళ్ళు ఎంతమందో వాళ్ళ షాపు ముందే అరగంట లెక్కపెట్టి చూపించండి. మా దగ్గర మెడికల్ షాపాయనే తర్వాత సంతకం పెట్టాడు.

వేసిన వారానికి బైకులు ఎక్కేశాయి. నంబరు ప్లేటు కనపడేలా ఫోటో తీసి ట్రాఫిక్ పోలీసులకి పంపండి, రోజూ ఒకటే, అదే టైముకి. రోజుకి ఇరవై పంపితే వాళ్ళూ చూడటం మానేస్తారు.

మొదట్లో పదిమంది వచ్చారు, ఇప్పుడు నేనొక్కడినే. మామూలే. ముగ్గురు మిగిలితే చాలు, ఒకరు ఫోన్లు, ఒకరు కాగితాలు, ఒకరు ఫోటోలు.

ఒక పక్కే చేశారు. రెండో పక్క కొలతలు కొత్తగా తీసి కొత్త అర్జీ పెట్టండి, పాతదానికి కొనసాగింపుగా రాస్తే పాతది క్లోజ్ అయిందనే జవాబు వస్తుంది.

పని అయ్యాక మూడు నెలలకి, ఆరు నెలలకి మళ్ళీ దిగుడు లెక్క వెయ్యండి, అదే టైముకి, అదే మనుషులతో. మాది 23 నుంచి 9కి వచ్చింది. ఆ తొమ్మిదిలో ట్రాన్స్‌ఫార్మర్లు రెండు, ఒక గుడి మెట్టు, ఇంటి ర్యాంపులు నాలుగు, మిగతా రెండూ కొత్తగా వచ్చినవి, ఒకటి ఇంటర్నెట్ కేబుల్ వాళ్ళు తవ్వి పూడ్చకుండా వెళ్ళిన గుంత. దాని ఫోటో పొద్దునే పంపాను, కంప్లయింట్ నంబరు వచ్చింది, శుక్రవారం ఫోన్ చెయ్యాలి.